పాత పిస్టల్ పిడిని విలువ పోకుండా శుభ్రం చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఉండేది డాలస్ పక్కన. పన్నెండేళ్లుగా పాత పిస్టళ్లు, రివాల్వర్లు సేకరిస్తున్నాను, ఎక్కువగా 1870 నుంచి 1920 మధ్యలో అమెరికాలోనూ జర్మనీలోనూ తయారైనవి. ఇక్కడి తెలుగువాళ్లలో ఈ పిచ్చి పట్టినవాళ్లు నెమ్మదిగా పెరుగుతున్నారు, వాళ్లు నన్ను అడిగే ప్రశ్నల్లో సగం పిడి గురించే ఉంటాయి. ప్రతిసారీ ఫోన్లో అరగంట చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నా. పిడి అంటే ఇక్కడ చేత్తో పట్టుకునే చోట రెండు పక్కలా బిగించే చెక్కలు. అవి చెక్కవే కానక్కర్లేదు, రబ్బరు, దంతం, ముత్యపు చిప్ప, ఏదైనా కావచ్చు.

అసలు శుభ్రం చేయాలా, అలాగే వదిలేయాలా?

సగం సందర్భాల్లో వదిలేయడమే మేలు. ఇది వినగానే చాలామందికి మింగుడు పడదు, ఎందుకంటే మనది పండగ వస్తే ఇంట్లో ఇత్తడి సామానంతా చింతపండు పెట్టి తోమే అలవాటు. పాత వస్తువు తళతళలాడితేనే దాన్ని బాగా చూసుకున్నట్టు లెక్క. తుపాకుల సేకరణలో సరిగ్గా తిరగేసి ఉంటుంది, కొత్తగా మెరుస్తున్న 140 ఏళ్ల పిడిని చూస్తే కొనేవాడికి ముందు అనుమానం వస్తుంది, తర్వాత బేరం మొదలుపెడతాడు. 2021 ఆగస్టులో బాన్‌హామ్స్ వేలంలో బిల్లీ ది కిడ్ అనే పేరుమోసిన పాతకాలపు దొంగను షెరీఫ్ పాట్ గారెట్ కాల్చిన కోల్ట్ రివాల్వర్ 60 లక్షల డాలర్లు దాటి పలికింది. మధ్యలో ఏ మహానుభావుడో దాన్ని సాండ్‌పేపర్ పెట్టి రుద్ది, వార్నిష్ కొట్టి ఉంటే ఏమై ఉండేదో ఊహించుకోండి.

అయితే కొంత మురికి నిజంగా హాని చేస్తుంది. చెమటలోని ఉప్పు, బంకలా మారిన పాత నూనె, ఇత్తడి దగ్గర పట్టే చిలుము, బూజు, ఇవి తేమను పట్టి ఉంచి కింద ఇనుముకు తుప్పు తెస్తాయి. తీయాల్సింది వీటినే.

మురికి ఏదో, కాలం తెచ్చిన రంగు ఏదో ఎలా తెలుస్తుంది?

పాత ఇంట్లో ఉయ్యాల బల్ల అంచు చూడండి. తరాల చేతులు తగిలి తగిలి చెక్క నున్నబడి, ముదురు రంగుకు తిరిగి, లోపల్నుంచి మెరుస్తున్నట్టు ఉంటుంది, గోరుతో గీకినా ఏమీ రాదు. సేకరించేవాళ్లు పాటినా అనేది దాన్నే. అదే ఇంట్లో వంటగది అలమర తలుపు పిడి పట్టుకుంటే వేళ్లకి అంటుకునేది జిడ్డు, గోరు పెడితే మడ్డిలా చుట్టుకుని వస్తుంది. మొదటిది చెక్కలో భాగమైపోయింది, రెండోది చెక్క మీద కూర్చుంది.

పిస్టల్ మీద మాత్రం గోరుతో గీకి చూడకండి. ఇయర్ బడ్‌ను డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి, టిష్యూలో పిండేసి, దాదాపు పొడిగా అయ్యాక, ఎవరికీ కనబడని మూలలో దొర్లించండి. రుద్దడం వేరు, దొర్లించడం వేరు, రుద్దితే ఇసుక రేణువు ఏదైనా ఉంటే గీత పడుతుంది. దూది బూడిద రంగుకో నలుపుకో తిరిగితే అది మురికి. ఎర్రటి గోధుమ రంగు దిగినా, పైన జిగురుగా తగిలినా అక్కడే ఆగండి, ఊడి వస్తున్నది ఫ్యాక్టరీ వాళ్లు వేసిన పూత.

మొదలుపెట్టే ముందు ఏం చేయాలి?

తూటా ఉందో లేదో చూడండి. నవ్వకండి. క్యాప్ అండ్ బాల్ రకం రివాల్వర్లలో, అంటే మందు, గుండు, క్యాప్ విడివిడిగా కూరే పాతవాటిలో, నూరేళ్ల కిందట ఎవరో నింపి వదిలేసిన మందు ఇంకా ఉండొచ్చు. పొడిగా ఉన్న నల్లమందు నూరేళ్లయినా చావదు. సిలిండర్‌లో ఒక్కో గదిలోకీ టార్చ్ వేసి చూసుకోవాలి, లోపల ఏదైనా ఉందనిపిస్తే మీరు తీయొద్దు, గన్‌స్మిత్ దగ్గరికి, అంటే తుపాకులు బాగుచేసేవాడి దగ్గరికి, తీసుకెళ్లండి.

తర్వాత ఫొటోలు. రెండు వైపులా, అడుగున, స్క్రూ తలలు దగ్గర్నుంచి, పక్క నుంచి పడే వెలుతురులో తీసి పెట్టుకోండి. రేపు అమ్మేటప్పుడు "ఈ గీత ముందు నుంచే ఉంది" అని చూపించడానికి అదొక్కటే సాక్ష్యం. నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి, బల్ల మీద పాత టవల్ పరవండి. టవల్ ఎందుకంటే ఒక్కసారి స్క్రూ కింద పడి కార్పెట్‌లో దూరితే తెలుస్తుంది ఎందుకో.

పిడి ఊడదీయాలా, ఉన్నది ఉన్నట్టే తుడవాలా?

పైపై దుమ్మే అయితే ఊడదీయొద్దు. నా లెక్కలో పాత పిస్టళ్లకు జరిగే నష్టంలో ఎక్కువ భాగం శుభ్రం చేయడం వల్ల కాదు, ఊడదీయడం వల్లే.

ముఖ్యంగా స్క్రూలు. ఇంట్లో ఉండే మామూలు స్క్రూడ్రైవర్ మొన ఏటవాలుగా ఉంటుంది, గాడి పైభాగానికి మాత్రమే తగులుతుంది, తిప్పగానే జారి స్క్రూ తలను నమిలేస్తుంది. నమిలిన స్క్రూ తల చూస్తే కొనేవాడు "లోపల ఇంకేం చేశావో" అనుకుంటాడు. గన్‌స్మిత్‌లు వాడే హాలో గ్రౌండ్ మొనలు గాడి అడుగు దాకా నిటారుగా దిగుతాయి. గాడి వెడల్పుకీ మందానికీ సరిపోయే మొన దొరికేదాకా స్క్రూ జోలికి పోకండి. స్క్రూ కదలకపోతే చుక్క పెనిట్రేటింగ్ ఆయిల్ (పట్టేసిన స్క్రూని వదులు చేసే పల్చటి నూనె) పెట్టండి, కానీ అది చెక్కలోకి పాకకుండా టూత్‌పిక్ కొసతో, ఆవగింజంత.

కోల్ట్, స్మిత్ అండ్ వెసన్ కంపెనీల రివాల్వర్లలో రెండు ముక్కల పిడికి స్క్రూ ఒక పక్క నుంచి దూరి రెండో పక్క చెక్కలో ఉన్న మరలో బిగుస్తుంది. స్క్రూ నాలుగు చుట్లు వదులు చేసి, పూర్తిగా తీయకుండా, దాని తల మీద బొటనవేలితో నొక్కితే అవతలి చెక్క తనంతట తనే లేస్తుంది. ఇవతలి చెక్కను తర్వాత లోపల్నుంచి వేలితో నెట్టుకోవచ్చు. అంచు కింద కత్తి మొన దూర్చి పైకి ఎత్తారా, పెచ్చు ఊడిందే. ఎడమ చెక్క పై మూలలో, సేఫ్టీ లీవర్ పక్కన, చిన్న పెచ్చు ఎగిరిపోయిన లూగర్లు, అంటే ఆ పేరున్న జర్మన్ పిస్టళ్లు, ఎన్ని చూశానో లెక్కలేదు, అన్నీ ఇలా ఊడబెరికినవే. లూగర్‌ది స్క్రూ తీశాక కింది అంచు నుంచి మెల్లగా లేపాలి.

1873 నాటి కోల్ట్ సింగిల్ యాక్షన్‌కు (ప్రతిసారీ సుత్తిని వేలితో వెనక్కి లాగి కాల్చే రివాల్వర్) ఒకే ముక్క వాల్‌నట్ పిడి ఉంటే అది వేరే కథ. వెనక పట్టీని పట్టుకునే మూడు స్క్రూలు, సుత్తి వెనక రెండు, అడుగున ఒకటి, తీస్తేగానీ అది రాదు. ముందెప్పుడూ చేయకపోతే దాన్ని ఊడదీయకుండానే తుడవండి.

పిడి లోపలి వైపు కూడా శుభ్రం చేయాలా?

వద్దు. దీనికి నేను కట్టిన ఫీజు చెబుతా. మొదట్లో ఒక పాత స్మిత్ అండ్ వెసన్ కొన్నాను. పిడి తీసి చూస్తే లోపలంతా నల్లటి మడ్డి, ఉత్సాహంగా ఆల్కహాల్ పెట్టి తుడిచేశా. కుడి చెక్క లోపల పెన్సిల్‌తో ఏదో లీలగా కనిపించి నా కళ్ల ముందే దూదిలోకి వచ్చేసింది. అది సీరియల్ నంబర్. ఆ కంపెనీ పాత రివాల్వర్లకు ఫ్యాక్టరీలోనే పిడి లోపల నంబర్ రాసేవారు, ఆ చెక్క ఆ రివాల్వర్‌దే అని చెప్పే ఒకే ఒక్క రుజువు అది. ఇప్పుడా రివాల్వర్‌కి ఉన్నది అసలు పిడే అని నాకు తెలుసు, ఇంకెవరికీ తెలియదు, కాబట్టి ధరలో లెక్కలోకి రాదు.

సైన్యానికి ఇచ్చిన లూగర్లలో చాలావాటికి సీరియల్ నంబర్ చివరి అంకెలు చెక్క లోపల కొట్టి ఉంటాయి. లోపలి వైపు మెత్తటి పొడి బ్రష్‌తో దుమ్ము దులపండి, ఫొటో తీయండి, అంతే.

నా పిడి దేనితో చేసిందో ఎలా తెలుసుకోవాలి?

ఇది తెలియకుండా చుక్క నీళ్లు కూడా పెట్టొద్దు. చెక్కకి నారలు కనిపిస్తాయి, సులువు. నల్లగా ఉండి, పోతపోసినట్టు గద్ద బొమ్మో గుర్రం బొమ్మో ఉంటే చాలావరకు హార్డ్ రబ్బర్, దీన్ని అమ్మేవాళ్లు అలవాటుగా గట్టా పెర్చా అంటారు గానీ దాదాపు ఎప్పుడూ అది గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరే. వేలితో గట్టిగా రుద్ది వాసన చూస్తే అగ్గిపుల్ల వాసన వస్తుంది.

తెల్లవాటితోనే తిప్పలు. ఏనుగు దంతం అయితే అడ్డంగా కోసిన చోట, అంటే పిడి అడుగున, ఒకదాన్నొకటి కోసుకుంటూ పోయే సన్నటి వంపు గీతలు కనిపిస్తాయి. ఎముక అయితే చిన్న చిన్న నల్ల చుక్కలు, గీతలు. సెల్యులాయిడ్ అయితే గీతలు ఉన్నా మరీ తిన్నగా, అచ్చు గుద్దినట్టు ఉంటాయి, బొటనవేలితో వేడెక్కేలా రుద్ది వాసన చూస్తే కర్పూరం! సెల్యులాయిడ్ తయారీలో కర్పూరం కలుపుతారు మరి, హారతి పళ్లెం వాసన తెలిసిన మనకి ఈ పరీక్ష ఎవరూ నేర్పక్కర్లేదు. కాల్చిన సూది గుచ్చి చూడమని ఎవరైనా చెబితే వినకండి. దంతానికి మచ్చ పడుతుంది, సెల్యులాయిడ్ అయితే భగ్గుమంటుంది.

వాల్‌నట్ చెక్క పిడికి సరైన పద్ధతి ఏమిటి?

మొదట పొడి బ్రష్. మేకప్ బ్రష్ అంత మెత్తగా ఉండాలి. నారల వెంట పది నిమిషాలు దులిపితే సగం పిడులకు ఇంకేం అక్కర్లేదు.

ఇంకా జిడ్డు ఉంటే పైన చెప్పినట్టు పిండేసిన ఇయర్ బడ్, డిస్టిల్డ్ వాటర్. రూపాయి బిళ్లంత చోటు తీసుకుని దొర్లించడం, వెంటనే పొడి బడ్‌తో అద్దడం, మురికైన బడ్ పారేసి కొత్తది తీసుకోవడం. ఒక పిడికి నాకు నలభై యాభై బడ్‌లు అవుతాయి, ఒక సాయంత్రం పడుతుంది. నీళ్లకి కదలని జిడ్డుకి కప్పు నీళ్లలో ఒక్క చుక్క వాసన లేని, రంగు లేని తేలికపాటి సబ్బు, ఆ తర్వాత ఉత్త నీళ్ల బడ్‌తో సబ్బు తీసేయడం. చాలామంది నేరుగా మినరల్ స్పిరిట్స్‌కి (రంగులు పల్చన చేసే ద్రావకం) వెళ్తారు, నూనె జిడ్డుకి అది బాగానే పనిచేస్తుంది, కానీ గాలాడే చోట, ముందు మూలలో పరీక్షించి, తక్కువగా.

ఆల్కహాల్ మాత్రం వద్దు. పాత పిడులు కొన్నింటికి షెల్లాక్ పూత ఉంటుంది. షెల్లాక్ అంటే ఏదో కాదు, మన లక్క, లాడ్‌బజార్ గాజుల్లో ఉండేదే. స్పిరిట్ తగిలిందా, కరిగిపోతుంది. అసిటోన్ షెల్లాక్‌నే కాదు, వార్నిష్‌ను కూడా లేపేస్తుంది.

సైన్యం కొన్న సింగిల్ యాక్షన్ కోల్ట్‌ల పిడి మీద తనిఖీ అధికారి ముద్ర ఉంటుంది, చెక్కలోకి సన్నగా నొక్కిన పొడి అక్షరాలు. ఆర్విల్ ఐన్స్‌వర్త్ తనిఖీ చేసినవాటిలో కొన్ని 7వ కావల్రీకి, అంటే 1876లో లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధంలో దళపతి కస్టర్‌తో పాటు దెబ్బతిన్న దళానికి వెళ్లాయి, కాబట్టి ఆ పొడి అక్షరాల ముద్ర స్పష్టంగా ఉంటే ధర ఎక్కడికో పోతుంది. దాని మీద బడ్ కూడా పెట్టకండి, పొడి బ్రష్ చాలు. సాండ్‌పేపర్, స్టీల్ ఊల్ అనే మాటలే ఈ గదిలోకి రాకూడదు.

గళ్లు చెక్కిన పిడిలో మడ్డి ఇరుక్కుంది, ఎలా తీయాలి?

లూగర్, 1911 కోల్ట్ లాంటివాటికి పట్టు కోసం వజ్రాకారంలో చిన్న గళ్లు చెక్కి ఉంటాయి. గళ్ల మధ్య గాడిలో వందేళ్ల చెమట, నూనె, దుమ్ము కలిసి తారులా గట్టిపడుతుంది. వెదురు పుల్లను బ్లేడుతో ఉలిలా చెక్కి, ఒక్కో గాడి వెంట, ఒకే దిశలో లాగాలి. భూతద్దం కింద చూస్తే సన్నటి నల్ల దారంలా చుట్టుకుంటూ వస్తుంది, అది చూడ్డం నాకు భలే ఇష్టం. సూది, పిన్ను, డెంటల్ పిక్ లాంటి ఇనుప వస్తువులు వద్దు, అవి మురికితో పాటు గడి మొనలనూ ఎత్తుకుపోతాయి. గడి మొనలు అరిగిపోయి ఉంటే అవి అరిగినట్టే ఉండాలి. మళ్లీ పదును పెట్టించిన గళ్లు కనిపెట్టడం కొనేవాళ్లకి రెండు నిమిషాల పని.

నూనె తాగి నల్లబడిన చెక్క సంగతి?

ఇనుము అంచు వెంట చెక్క నల్లబడటం మామూలే, యాభై ఏళ్లు గన్ ఆయిల్ దిగింది మరి. సుద్ద పొడి, అసిటోన్ కలిపి ముద్ద చేసి పట్టు వేసి నూనె లాగేవాళ్లున్నారు, లాగుతుంది కూడా, పూతతో సహా. పిడి మెత్తబడి పొడి పొడిగా రాలుతుంటే తప్ప అంత దూరం వెళ్లను. ఇకముందు పిస్టల్‌కి నూనె తక్కువ పెట్టి, పిడి కిందికి ఉండేలా నిలబెట్టకుండా పడుకోబెట్టి దాచండి, అంతే.

చెక్కకి కొబ్బరి నూనె, అవిసె నూనె రాయొచ్చా?

రాయొద్దు. చెక్కకి ఆకలేస్తుంది, నూనె తాగించాలి అనే మాట అందరి నోటా ఉంటుంది గానీ చచ్చిన చెక్కకి ఆకలేమిటి. కొబ్బరి నూనె ఎన్నాళ్లకీ ఆరదు, దుమ్ము పట్టుకుంటుంది, ఇత్తడి తగిలిన చోట చిలుము పుట్టిస్తుంది. అవిసె నూనె ఆరుతుంది, అదే దాని తంటా. ఆరాక గట్టిపడి, ఏళ్లు గడిచేకొద్దీ నల్లబడుతుంది, మళ్లీ తీయాలంటే అడుగున ఉన్న అసలు పూత కూడా పోతుంది. పైగా అవిసె నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి చెత్తబుట్టలో పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి, గరాజ్‌లు కాలిపోయిన సంగతులున్నాయి.

హార్డ్ రబ్బర్ పిడి నల్లగా ఉండాల్సింది గోధుమ రంగుకు తిరిగింది, పోగొట్టొచ్చా?

పోగొట్టలేరు, పోగొట్టకూడదు. 1880ల నుంచి కోల్ట్, స్మిత్ అండ్ వెసన్, ఇంకా చవకరకం రివాల్వర్లు లెక్కలేనన్నింటికి ఈ పిడులే. వెలుతురు తగిలేకొద్దీ రబ్బరు పైపొరలోని గంధకం బయటపడుతుంది, నలుపు కాస్తా చాక్లెట్ రంగుకో, పాచి పట్టిన ఆకుపచ్చకో తిరుగుతుంది. ఆ గంధకం తేమతో కలిస్తే ఆమ్లం అవుతుంది, పక్కన ఉన్న ఇనుముకీ మంచిది కాదు.

ఇక్కడ నీళ్లే శత్రువు. వేడి నీళ్లలో వేశారంటే ఐదు నిమిషాల్లో గోధుమ రంగు తేలుతుంది, మళ్లీ నలుపు రాదు. పొడి బ్రష్, పొడి మైక్రోఫైబర్ గుడ్డ, మరీ జిడ్డుగా ఉంటే తేమ తగిలీ తగలనట్టున్న బడ్, వెంటనే ఆరబెట్టడం. షూ పాలిష్ పూసి నల్లగా చేసి అమ్మేవాళ్లున్నారు. తెల్ల గుడ్డతో అంచు తుడిచి చూస్తే నల్లగా అంటుకుంటుంది, కొనేటప్పుడు ఈ పని మీరూ చేయండి.

ఏనుగు దంతం పసుపు పచ్చబడింది, తెల్లగా చేయొచ్చా?

చేయొద్దు, దంతానికి పసుపు రంగే గౌరవం. హైదరాబాద్ వెళ్లినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలో దంతపు వస్తువులున్న గ్యాలరీ చూడండి, అక్కడ తెల్ల కాగితంలా ఉన్నదేదీ కనబడదు. హైడ్రోజన్ పెరాక్సైడ్, బ్లీచ్, ఎండలో పెట్టడం, పళ్ల పొడి, ఇవన్నీ దంతాన్ని సుద్దలా చేసి పగలగొడతాయి.

దంతం తేమ పీల్చి ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది, అందుకే నానబెట్టకూడదు. తేలికగా తడిసిన బడ్, నారల వెంట, వెంటనే పొడి బడ్. ఒక రహస్యం చెబుతా, చెబితే మా ఆవిడ ఛీ అంటుంది: మ్యూజియంలో పనిచేసేవాళ్లు కూడా ఉమ్మి వాడతారు. నోట్లో ఉండే ఎంజైములు జిడ్డు మురికిని మెత్తగా విడదీస్తాయి. బడ్‌ని నాలుక మీద తడిపి దొర్లించి, తర్వాత డిస్టిల్డ్ వాటర్ బడ్‌తో తుడిచేయాలి. ఒకసారి వాడిన బడ్ మళ్లీ నోట్లో పెట్టకండి, మీ ఆరోగ్యం కోసమే చెబుతున్నా.

అమ్మే ఆలోచన ఉంటే ముందు చట్టం చూసుకోండి. 2016 జులై నుంచి అమెరికాలో రాష్ట్రాల మధ్య ఆఫ్రికా ఏనుగు దంతం అమ్మకం దాదాపు ఆగిపోయింది, వందేళ్లు దాటినట్టు రుజువున్న వస్తువులకు కొంత మినహాయింపు ఉంది. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీలకి సొంత చట్టాలు కూడా ఉన్నాయి.

ముత్యపు చిప్ప పిడికి?

నిమ్మకాయ, వెనిగర్, చింతపండు, వంట సోడా, ఏవీ వద్దు. చిప్ప అంటే సున్నపు పదార్థం, పులుపు తగిలితే కరుగుతుంది, ఒకసారి మెరుపు పోతే మళ్లీ రాదు. పొడి మెత్తటి గుడ్డ, తప్పదంటే తడి బడ్. చిప్ప గాజులా పగులుతుంది కాబట్టి తిరిగి బిగించేటప్పుడు స్క్రూని బిగుతుగా తిప్పొద్దు, వేలికి తగిలిన దగ్గర ఆపేయండి.

సెల్యులాయిడ్ పిడికి ఘాటు వాసన వస్తోంది, పరవాలేదా?

పరవా ఉంది. కర్పూరం వాసన మామూలే, ముక్కు మండించే ఘాటు వాసన వస్తే అది కుళ్లుతోందని. ఆ ఆవిరిలో నైట్రిక్ ఆమ్లం ఉంటుంది, పిడి చుట్టూ ఉన్న ఇనుము ఉన్నట్టుండి తుప్పు పట్టడానికి కారణం అదే. వెంటనే ఊడదీసి, గాలాడే కాగితం సంచిలో, పొయ్యికీ మిగతా కలెక్షన్‌కీ దూరంగా పెట్టండి. శుభ్రం చేసి ఆపగలిగేది కాదు ఇది.

స్క్రూ చుట్టూ ఆకుపచ్చగా పట్టింది ఏమిటి?

చిలుము. చెక్కలో దిగిన నూనెలోని ఆమ్లాలు ఇత్తడితో కలిసి మైనంలాంటి ఆకుపచ్చ పదార్థం తయారవుతుంది. టూత్‌పిక్‌తో మెల్లగా తోడేస్తే మొత్తం ఒక్క ముద్దగా వచ్చేస్తుంది. ఇత్తడిని మాత్రం మెరిపించకండి. మెటల్ పాలిష్ చెక్క రంధ్రాల్లోకి దిగి తెల్లగా ఎండిపోతుంది, ఆ తెల్ల మచ్చ ఇంక పోదు. మా అమ్మ కిందటేడు వచ్చినప్పుడు బల్ల మీద నా రివాల్వర్ చూసి "ఈ ఇత్తడేంట్రా ఇలా నల్లబడిపోయింది, కాస్త పీతాంబరి ఉంటే ఇవ్వు, రెండు నిమిషాల్లో తోమేస్తా" అంది. ఆవిడ ఉన్న ఆర్నెల్లూ సేఫ్‌కి తాళం వేసే ఉంచా.

డబ్ల్యూడీ-40, బేబీ వైప్స్, మ్యాజిక్ ఎరేజర్, అల్ట్రాసోనిక్ క్లీనర్?

వద్దు, వద్దు, అస్సలు వద్దు, దేవుడా వద్దు. మ్యాజిక్ ఎరేజర్ అంటే మెత్తగా కనిపించే సాండ్‌పేపరే.

శుభ్రం చేశాక మైనం పూయాలా?

నున్నటి వాల్‌నట్‌కి, దంతానికి పల్చగా మైక్రోక్రిస్టలైన్ వ్యాక్స్ పూయొచ్చు. అందరూ వాడే రెనసాన్స్ వ్యాక్స్ 1950ల్లో బ్రిటిష్ మ్యూజియం ప్రయోగశాలలో పుట్టింది. బియ్యపు గింజంత గుడ్డ మీద తీసుకుని పిడి మొత్తానికి పాకించి, కాసేపాగి ఒత్తకుండా తుడవండి. గళ్ల పిడికి వద్దు, గాడుల్లో తెల్లగా ఇరుక్కుంటుంది. అందులో సాల్వెంట్ ఉంటుంది కాబట్టి రబ్బరు, సెల్యులాయిడ్ జోలికి తీసుకెళ్లకండి.

పిడి మీద పగులు, కత్తిగాట్లు, పాత రంగు ఉన్నాయి, సరిచేయాలా?

పగులులో సూపర్ గ్లూ పోయకండి, అది మళ్లీ తీయడానికి రాదు. మ్యూజియంల వాళ్లు పారలాయిడ్ బి-72 లాంటి, కావాలంటే కరిగించి తీసేయగల జిగుర్లు వాడతారు, అదైనా చేయి తిరిగినవాళ్ల పని.

గాట్లు, చెక్కిన పేర్లు అలాగే ఉంచండి. రంగు విషయంలో మౌజర్ సి96 అనే జర్మన్ పిస్టల్‌ను గుర్తుంచుకోండి. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్ సైన్యం 1916లో 9 ఎంఎం తూటాకి సరిపోయేలా వీటిని చేయించుకుంది, పాత తూటాతో పొరబడకుండా పిడి మీద పెద్ద 9 అంకె చెక్కి ఎర్ర రంగు నింపారు. వందేళ్లలో ఆ రంగు చాలావరకు రాలిపోయి గాడి మూలల్లో మాత్రమే మిగిలి ఉంటుంది. ఆ మిగిలిన కాస్త ఎరుపే డబ్బు. తడి బడ్‌తో దాన్ని తీసేసినవాళ్లూ ఉన్నారు, బాగా కనబడట్లేదని నెయిల్ పాలిష్‌తో నింపినవాళ్లూ ఉన్నారు, ఇద్దరూ సమానమే.

ఇప్పటికే పాలిష్ కొట్టేశాను, ఇప్పుడేం చేయాలి?

ఇంకేం చేయకండి. పాతగా కనబడటానికి టీ డికాక్షన్‌లో ముంచడం, మట్టి రుద్దడం లాంటివి చేస్తే అది తప్పు దాటి మోసం అవుతుంది. అమ్మేటప్పుడు చేసింది చెప్పేయండి. వేరే కొత్త పిడి వేసుకున్నా సరే, పాతది ఎంత పాడైనా పారేయకుండా పిస్టల్‌తో పాటే దాచండి.

ఇండియాలో తాతగారి పిస్టల్ ఉంది, దాని పిడి శుభ్రం చేయొచ్చా?

పిడి కంటే ముందు కాగితాలు చూసుకోండి. అమెరికాలో 1898లో గానీ అంతకు ముందు గానీ తయారైనవి ఫెడరల్ చట్టం ప్రకారం యాంటిక్. ఇండియాలో లెక్క వేరు, 1959 ఆయుధాల చట్టంలో పురాతన ఆయుధానికి మినహాయింపు ఉన్నా, మరమ్మతు చేసినా పేలని స్థితిలో ఉంటేనే వర్తిస్తుంది. పేలేదయితే ఎంత పాతదైనా లైసెన్స్ కావాలి. వందేళ్లు దాటిన వస్తువును 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం దేశం దాటించకూడదు, కాబట్టి "సూట్‌కేస్‌లో పెట్టుకుని రానా" అని అడిగేవాళ్లకి జవాబు కూడా ఇదే. పిడి దంతంది అయితే వన్యప్రాణి చట్టం కూడా తోడవుతుంది. లాయర్‌తో మాట్లాడాక బ్రష్ పట్టుకోండి.

ఎలా దాచాలి?

తోలు హోల్‌స్టర్‌లో మాత్రం వద్దు. తోలులో మిగిలిన ఆమ్లాలు, ఉప్పు ఇనుమును తింటాయి, పిడికి మరక వేస్తాయి. హోల్‌స్టర్ కూడా దాచండి, కానీ పిస్టల్ దాని లోపల కాదు, పక్కన ఉండాలి. తేమ 45 నుంచి 55 శాతం మధ్యలో, రోజూ పెరిగి తగ్గకుండా ఉంటే చెక్కకీ దంతానికీ హాయి. చవకరకం స్పాంజ్ పెట్టెలు ఏళ్లు గడిస్తే కరిగి అంటుకుంటాయి, నూలు గుడ్డ మేలు.

ఎన్నాళ్లకోసారి శుభ్రం చేయాలి?

పూర్తిగా చేయడం అంటారా, కొన్నప్పుడు ఒక్కసారి. ఆ తర్వాత చూడాలనిపించినప్పుడు గ్లవ్స్ వేసుకుని తీసి, మెత్తటి బ్రష్‌తో దులిపి లోపల పెట్టేయడమే. నా దగ్గరున్న 1902 నాటి లూగర్‌కి కొన్ననాటి నుంచి ఇప్పటిదాకా తడి బడ్ తగల్లేదు, దాని గళ్లలో ఇంకా కాస్త మడ్డి ఉంది, ఉండనీ.